“మీరడగలేదు కదమ్మా” అంటే సరిపోతుందా?

ప్రశ్న: మాది భూపాలపల్లి. మా ఆయన సింగరేణిల పనిచేసి మొన్న మార్చిల రిటైరయిండు. వచ్చిన పైసలతోని హనుమకొండల ఇల్లు తీసుకుందామని తిరిగి తిరిగి, నయీంనగర్ నాలా దగ్గర్లనే ఒక కాలనీల 150 గజాల జాగాల కట్టిన ఇల్లు చూసినం. కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను. తూర్పు ముఖం. మా ఆయనకు బాగ నచ్చింది. కొత్తగ రంగులేసి, కింద టైల్స్ మార్చి అద్దం లెక్క పెట్టిండ్రు. కింద కిరాయికి ఉంటున్నరు. ఇంటాయన రిటైరైన టీచరు. 78 లక్షలకు మాటయింది. ఏప్రిల్ చివర్ల 5 లక్షలు బయానా ఇచ్చినం, అందుల 2 లక్షలు చేతికే ఇచ్చినం. వంద రూపాయల స్టాంపు కాగితం మీద మా ఇద్దరి పేర్ల మీద అగ్రిమెంటు రాసిండ్రు. మూడు నెలల గడువు. దాటితే బయానా వాపసు రాదని అందుల ఉన్నది.

మొన్న పక్కింటామెతోని మాట కలిపితే, వాన గట్టిగ పడితే ఆ గల్లీల నడుముల్లోతు నీళ్లొస్తయని, 2023ల కింది పోర్షనోళ్లు రాత్రికి రాత్రి పైకెక్కిండ్రని చెప్పింది. సారును అడిగితే “మీరడగలేదు కదమ్మా, అడిగితే చెప్పెటోణ్ని” అన్నడు. ఇది ధర్మమేనా? చెప్పే బాధ్యత ఆయనకు లేదా? మా బయానా మాకొస్తదా? లేకపోతే కొనుక్కోవచ్చా? ఇంకోటి, ఇల్లు వాళ్ల ఇంటామె పేరు మీద ఉన్నది. ఆమె కరోనాల చనిపోయింది. ఇద్దరు కొడుకులు సంతకం పెడతరట. బిడ్డ అమెరికాల ఉంటది, పెళ్లప్పుడే అన్నీ ఇచ్చినం, ఆమెకు సంబంధం లేదన్నడు.
– ఒక పాఠకురాలు, భూపాలపల్లి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నీళ్ల గురించి ఎంతో రాశారు, అమెరికాలో ఉన్న బిడ్డ గురించి చివర్లో ఒక ముక్క అని వదిలేశారు. నా లెక్కలో ఆ ముక్కే పెద్దది. నీళ్లొచ్చే ఇంటిని ధర తగ్గించుకుని కొనొచ్చు, కింది పోర్షను ఎత్తు పెంచుకోవచ్చు. వాటాదారు సంతకం లేని ఇంటికి అలాంటి మరమ్మతు ఉండదు. దాని దగ్గరికి వస్తాను, ముందు మీరడిగిన దాని సంగతి చూద్దాం.

అంతకన్నా ముందు, ఇప్పుడు ఇంకో రూపాయి కూడా ఇవ్వొద్దు. అలాగని కోపం మీద ‘మాకీ ఇల్లొద్దు’ అని కూడా అనొద్దు, ఫోన్లో అసలే అనొద్దు. వెనక్కి తగ్గింది మీరేనన్న మాట మీ నోటి నుంచి వచ్చిందంటే బయానా మీద మీ పట్టు సడలిపోతుంది.

టీచరు సారు అన్నది చట్టం ముందు నిలవదు. అయితే పూర్తిగా కొట్టిపారేసేదీ కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్‌లో అమ్మేవారి బాధ్యతలు వరసగా ఉంటాయి. మొట్టమొదటిది ఇదే: ఆస్తిలో గానీ, దాని మీద తనకున్న హక్కులో గానీ ముఖ్యమైన లోపం ఉండి, అది తనకు తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్త తీసుకున్నా వారికి దొరకనిదైతే, అమ్మేవారు తమంతట తామే చెప్పాలి. అడిగితేనే చెప్పాలన్న షరతు అందులో లేదు. చెప్పకుండా దాటేస్తే ఆ సెక్షనే దాన్ని మోసం అంటుంది.

తకరారంతా మామూలు జాగ్రత్త అంటే ఎంత అన్న దగ్గరే. స్లాబు కారుతున్నా, గోడ బీటలిచ్చినా, గల్లీలోకి ఆటో కూడా రాకపోయినా అవి కళ్లెదుట ఉన్నవి, చూసుకోకపోతే మీదే పొరపాటు. ఏప్రిల్ ఎండల్లో చూసిన ఇంట్లోకి వానాకాలంలో నీళ్లొస్తాయని మాత్రం గోడలు చూసి ఎవరూ చెప్పలేరు. ఇక్కడిదాకా బలం మీ వైపే. ఇక ఆయన వకీలు ఏమంటాడో కూడా వినండి. “2020 ఆగస్టులో, 2023 జులైలో హనుమకొండ, వరంగల్ కాలనీలు మునిగిన సంగతి పేపర్లన్నిటిలో వచ్చింది. 2023లో భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. నాలా దగ్గర ఇల్లు కొనేవాళ్లు పక్కింట్లో ఒక మాట అడగరా? అడిగిన రోజే తెలిసింది కదా?” అంటాడు. మీరు భూపాలపల్లి వాళ్లు, ఇక్కడి గల్లీలు తెలియవు అని మనవైపు వకీలు అంటాడు. జడ్జి ఎటు మొగ్గుతారో నేను పందెం కాయను.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది కొత్త రంగులు, కింద మార్చిన టైల్స్. అమ్మే ముందు ఇంటికి రంగులేయడం అందరూ చేసేదే, తప్పు పట్టలేం. కింది పోర్షనుకే వేశారా? పైన పాత రంగే ఉందా? అలా ఉంటే ఎందుకని అడగాలి. 1872 కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, తెలిసిన నిజాన్ని పనిగట్టుకుని కప్పిపుచ్చడం మోసం. ఊరికే మాట్లాడకుండా ఉన్నాయన ‘నువ్వు విచారించుకుని ఉండాల్సింది’ అని 19వ సెక్షన్ చాటున దాక్కోవచ్చు. కావాలని నీళ్ల చారలు చెరిపేసి కప్పిపెట్టినాయనకు ఆ చాటు దొరకదు. రంగు కింద ఏముందో ఫొటోలు తీసి పెట్టుకోమనేది అందుకే.

55వ సెక్షన్‌లోనే ఇంకో రెండు బాధ్యతలున్నాయి, కొనేవాళ్లు వాటిని వాడుకున్నది నేను తక్కువగా చూశాను. అడిగితే హక్కు కాగితాలన్నీ చూపించాలి. ఆస్తి గురించి, హక్కు గురించి అడిగిన ప్రశ్నలకు తనకు తెలిసినంత మేరకు జవాబు చెప్పాలి. ‘అడిగితే చెప్పెటోణ్ని’ అన్నారు కదా సారు, మంచిదే. అడగండి, కాగితం మీద అడగండి.

తెల్ల కాగితం చాలు, తెలుగు చాలు. అడిగే తీరులో కొంచెం ఒడుపు ఉండాలి. ‘మీ ఇంట్లోకి నీళ్లొస్తాయా?’ అంటే ‘అంత పెద్దగ రావు’ అంటారు, దాంతో ఏమీ తేలదు. ‘2020 ఆగస్టులో, 2023 జులైలో, ఆ తర్వాత గేటు లోపలికి, ఇంటి లోపలికి ఎప్పుడెప్పుడు నీళ్లొచ్చాయి? గడప మీద ఎంత ఎత్తు వచ్చాయి? ఎన్ని గంటలున్నాయి?’ అనడగండి. అదే కాగితంలో మిగతావీ అడగండి. నాలా వెడల్పు పనుల కోసం కార్పొరేషన్ నుంచి నోటీసు వచ్చిందా, గోడ మీద మార్కింగ్ వేశారా? పై అంతస్తుకు పర్మిషన్ ఉందా? ఈ ఇంటి కాగితాలు బ్యాంకులో గానీ, చిట్‌ఫండ్ కంపెనీలో ష్యూరిటీగా గానీ, వడ్డీకిచ్చినవారి దగ్గర గానీ పెట్టారా? కేసులేమన్నా నడుస్తున్నాయా? మాకంటే ముందు ఇంకెవరికైనా అగ్రిమెంటు చేశారా? కింద కిరాయికున్నవాళ్లు ఎంత అడ్వాన్సు ఇచ్చారు, ఎప్పుడు ఖాళీ చేస్తారు? మీ భార్య గారు వీలునామా రాశారా? ఆమె వారసులు ఎవరెవరు?

చిట్టీల మాట ఊరికే రాయలేదు. చిట్టీ ఎత్తుకునేటప్పుడు ఇంటి కాగితాలు ష్యూరిటీకి పెట్టడం వరంగల్‌లో మామూలు విషయం. కాగితాలు పెట్టినాయన తన చిట్టీ కాదనీ, దోస్తు చిట్టీకి ఇచ్చాననీ, అది ఎప్పుడో తీరిపోయిందనీ అంటాడు. తీరితే కాగితాలు ఇంటికి రావాలి.

ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపండి, ఫొటో తీసి వాట్సాప్‌లోనూ పెట్టండి. జవాబు రాస్తే మీ చేతికి సాక్ష్యం వస్తుంది, అబద్ధం రాస్తే అది ఇంకా గట్టిది. రెండు వారాలైనా ఏమీ రాయకపోతే, ఎందుకు రాయలేదో రేపు ఆయనే చెప్పుకోవాల్సి వస్తుంది. వచ్చిన జవాబుల్లో ముఖ్యమైనవి సేల్ డీడులో పెట్టించండి. డాక్యుమెంట్ రైటర్ల దగ్గర అందరికీ ఒకటే మ్యాటరు ఉంటుంది: ‘సదరు ఆస్తిపై ఎట్టి తాకట్టు, క్రయ, దాన, కోర్టు తగాదాలు లేవని’ అంటూ సాగుతుంది. అది ఉండాల్సిందే. మీ ఇంటి నీళ్ల సంగతీ, మీ సారు బిడ్డ వాటా సంగతీ ఆ మ్యాటరులో ఎవరూ రాయరు, మీరే అడిగి రాయించుకోవాలి.

ఇక ఇంటికి మళ్లీ వెళ్లండి, ఈసారి ఒక మేస్త్రీని వెంటబెట్టుకుని. ముందు హాల్లోకి పోకుండా గేటు దగ్గరే నిలబడండి. గేటు దిమ్మెల లోపలివైపు కింది నుంచి పైకి ఇనుప యాంగిల్ పట్టీలేమన్నా బిగించి ఉన్నాయా? నీళ్లొచ్చే గల్లీల్లో వాటి మధ్య చెక్క పలక దించి అడ్డం పెడతారు. పలక దాచేసినా పట్టీలు మిగులుతాయి, పీకేస్తే సిమెంటు మచ్చలు మిగులుతాయి. తర్వాత రోడ్డు చూడండి. మన కాలనీల్లో పాత సీసీ రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్తది వేస్తారు, వేసిన ప్రతిసారీ ఇళ్లు కిందికి పోతాయి. కట్టినప్పుడు రోడ్డుకు రెండు మెట్లు ఎత్తున్న ఇంటి గచ్చు ఇప్పుడు రోడ్డుకు సమానమై ఉండొచ్చు. మేస్త్రీ లెవెల్ ట్యూబు పెడితే అంగుళాలతో సహా చెప్తాడు.

లోపల స్విచ్ బోర్డులు చూడండి. కింది పోర్షనులో మాత్రం అవి తలెత్తున ఉండి, కింద పాత బాక్సుల చోటు పూడ్చిన గుర్తు కనిపిస్తే ఎవరో ఒకసారి షాకు తిని పైకి జరిపారన్నమాట. బోరు మోటారు స్టార్టరు ఎక్కడ బిగించారు? తలుపు దర్వాజాల అడుగు కర్ర ఉబ్బిందా? కింది బందు తుప్పు పట్టి పై బందు మెరుస్తోందా? గోడలకు రంగేసేవాళ్లు కిచెన్ గట్టు కింద అరల్లో, మెట్ల కింద గూట్లో, బాత్రూం తలుపు వెనకాల బ్రష్ పెట్టరు. టార్చి వేసి అక్కడ చూడండి. వరద చార ఉంటే నిటారు గోడ మీద గీత గీసినట్టు ఒకే ఎత్తులో కనిపిస్తుంది. పైనుంచి కారిన చెమ్మ అలా ఉండదు, మరకలు మరకలుగా ఉంటుంది. కొలిచే టేపు ఆనించి ఫొటో తీయండి.

కింద కిరాయికున్నవాళ్లతో సారు లేనప్పుడు మాట్లాడండి. నీళ్ల సంగతి వాళ్ల కన్నా ఎవరికీ తెలియదు. ఇంకో కారణం కూడా ఉంది: ఇంట్లో వేరేవాళ్లు ఉంటున్నప్పుడు వాళ్లకేం హక్కు ఉందో కొనేవారికి తెలిసినట్టేనని చట్టం లెక్కగడుతుంది, మీరు అడక్కపోయినా సరే. ‘కిరాయి’ అనుకున్నవాళ్లు ‘మాకూ అగ్రిమెంటుంది’ అనే కేసులు ఉంటాయి. గల్లీ మూల కిరాణం షాపులో బియ్యం బస్తాలు నేల మీద పెట్టారా, స్టాండు మీద పెట్టారా చూసినా కొంత తెలిసిపోతుంది. మీ గడువు జులై చివరిదాకా ఉంది, మృగశిర వస్తోంది. గట్టి వాన పడ్డ రోజు మీ ఆయన్ను బస్సెక్కించండి.

వరంగల్‌లో నీళ్ల సంగతి ఇంట్లోకి రావడంతో అయిపోదు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల ఊరు ఇది. ఒక చెరువు అలుగు పారితే నీళ్లు ఇంకో చెరువుకు పోయే దారులు ఉండేవి, వాటి మీద ఇళ్లు లేచాయి. 2020 వరద తర్వాత నాలాల మీది కట్టడాలు కొట్టేయడం మీకు గుర్తుండే ఉంటుంది. కాబట్టి మీ ఇల్లు నాలాకు ఎంత దూరమో టేపు పట్టి కొలవండి. 2012లో వచ్చిన 168వ నంబరు జీవో ప్రకారం 10 మీటర్ల కన్నా వెడల్పున్న నాలా హద్దు నుంచి 9 మీటర్లు, అంతకు చిన్నదైతే 2 మీటర్లు వదిలి కట్టాలి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లుండే హద్దు, నుంచి 30 మీటర్లు. నాలా హద్దంటే ఈరోజు పారుతున్న మురికి కాల్వ అంచు అనుకోవద్దు, రికార్డులో ఉన్న హద్దు చూడాలి. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్‌లో పర్మిషన్ ప్లాను కాపీ తీసుకుని, ఎన్ని అంతస్తులకు ఇచ్చారో, చుట్టూ ఎంత వదలమన్నారో కట్టినదానితో సరిచూడండి. ‘ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ ప్లాట్ల క్రమబద్ధీకరణ) కట్టినం’ అని రసీదు చూపిస్తే ఆగిపోకండి. చెరువు ఎఫ్‌టీఎల్‌లో ఉన్న ప్లాటును ఎల్‌ఆర్‌ఎస్ సక్రమం చేయదు. ఇది చదివే ఖిలా వరంగల్ వాళ్లకు ఒక్క మాట: కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం కుదరదు, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి ఉండాలి. అక్కడ పాత ఇల్లు కొని కూల్చి కట్టుకుందామనుకునేవాళ్లు ముందు ఇది తేల్చుకోవాలి.

ఇప్పుడు బిడ్డ సంగతి. మీ సారువాళ్లది హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబమనీ, ఆమె వీలునామా రాయలేదనీ అనుకుని చెప్తున్నాను. ఇల్లు ఆమె పేరున రిజిస్టరై ఉంది కాబట్టి 1956 చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆమె తర్వాత భర్తకు, కొడుకులకు, కూతురికి సమానంగా వస్తుంది. నలుగురు, నాలుగు వాటాలు. తండ్రీ కొడుకులు ముగ్గురూ సంతకాలు పెడితే మీకు వచ్చేది మూడు వాటాలే. 78 లక్షలిచ్చి 58 లక్షల 50 వేల ఇల్లు కొంటారు. మిగిలిన పావు వాటాదారు ఎప్పుడైనా వచ్చి పార్టిషన్ దావా వేయొచ్చు.

‘పెళ్లప్పుడే ఇచ్చినం’ అనని తండ్రి మన దిక్కు ఎక్కడున్నాడు? ఇచ్చి ఉంటారు, నేను కాదనను. బంగారం పెట్టి ఉంటారు, ఎమ్మెస్‌కు పంపి ఉంటారు. పెళ్లి 2010లో అయితే తల్లి పోయింది కరోనాలో. తల్లి బతికుండగా ఇచ్చిన కట్నంతో, తల్లి పోయాక పుట్టిన వాటా పోదు. ఆ పిల్ల తన వాటా వదులుకోవాలంటే రిజిస్టరైన కాగితం మీద వదులుకోవాలి. నోటరీ కాగితం పనికిరాదు, వీడియో కాల్‌లో ‘నాకేం అభ్యంతరం లేదంకుల్’ అన్నదీ పనికిరాదు. రేపు ఏమన్నా అయితే మేం చూసుకుంటాం అని అన్నదమ్ములు రాసిచ్చే హామీ పత్రం మీ ఇంటిని కాపాడదు, వాళ్ల మీద ఇంకో కేసు వేసుకోవడానికి ఉపయోగపడుతుంది.

ఆమె రావాల్సిన పని లేదు. తానుండే చోటుకు సంబంధించిన భారత కాన్సులేట్‌లో తండ్రి పేరనో అన్న పేరనో పవర్ ఆఫ్ అటార్నీ రాసి, అక్కడి అధికారి ముందు సంతకం పెట్టి అసలు కాగితం పంపాలి. అది ఇండియాకు చేరిన మూడు నెలల లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టి చెల్లుబాటు చేయించాలి. అందులో ఈ ఇంటి నంబరు, హద్దులు ఉండాలి, అమ్మి రిజిస్ట్రేషన్ చేసే అధికారం స్పష్టంగా ఉండాలి. ‘ఆస్తుల బాగోగులు చూడటానికి’ అని రాస్తే అమ్మడానికి చాలదు. అధికారమిచ్చిన మనిషి రద్దు చేసినా, చనిపోయినా ఆ పవర్ పోతుంది కాబట్టి రిజిస్ట్రేషన్ రోజు ఆమెతో ఒకసారి మీరే మాట్లాడండి. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఆమె తల్లి మరణ ధ్రువపత్రం అడిగి తీసుకోండి. సర్టిఫికెట్లో మీకు చెప్పని ఇంకో వారసుడి పేరు కనిపించడం కూడా జరుగుతుంటుంది.

మిగిలిన కాగితాలు మీకు ఎవరైనా చెప్తారు, తొందరగా చెప్పేస్తాను. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం, కనీసం 30 ఏళ్లకు తీయండి, లింకు డాక్యుమెంట్లు (ఇల్లు చేతులు మారిన పాత కాగితాలు) ఒక్కటీ తెగకుండా ఉండాలి. రిజిస్టర్ కాని అగ్రిమెంటు, వారసుల హక్కు, నడుస్తున్న కేసు ఈసీలో కనిపించవు. కేసులు ఈ-కోర్ట్స్‌లో ఆ ఇంటివాళ్లందరి పేర్లతో వెతకండి, ఎందుకంటే కేసు నడుస్తుండగా కొన్న ఆస్తికి ఆ తీర్పు మీకూ అంటుకుంటుంది. బ్యాంకు తాకట్టు ఉందేమో సెర్సాయ్ వెబ్‌సైట్‌లో కొద్దిపాటి ఫీజు కట్టి చూడొచ్చు. నిషేధిత జాబితా, అంటే 22-ఏ, రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఉంటుంది. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఎవరి పేరున ఉన్నా అవి హక్కు కాగితాలు కావు, అమ్మకం రోజు దాకా బాకీలు అమ్మేవారివే. అన్నిటికన్నా ముఖ్యం ఒరిజినల్స్. జిరాక్స్ చూపించి ‘ఒరిజినల్ బీరువాల ఉన్నది’ అంటే బీరువా తెరిచేదాకా కూర్చోండి. ఈ కాగితాలు చూసే వకీలును మీరే పెట్టుకోండి, మధ్యవర్తి తెచ్చిన వకీలు వద్దు. ఆ మధ్యవర్తికి కమీషన్ వచ్చేది రిజిస్ట్రేషన్ అయితేనే.

బయానా. మీ అగ్రిమెంటులో జప్తు షరతు ఉంది కాబట్టి మీ అంతట మీరు విరమించుకుంటే 5 లక్షలకూ ఇబ్బందే. అదే, వారసులందరి సంతకాలతో పక్కా హక్కు ఇవ్వలేక ఆయనే ఆగిపోతే తప్పు ఆయనది. అప్పుడు బయానా వెనక్కి రావాలి, అది తీరేదాకా 55వ సెక్షన్ ప్రకారం ఆ ఇంటి మీదే మీకు హక్కు భారం, అంటే ఆ ఇంటి నుంచే సొమ్ము రాబట్టుకునే హక్కు, ఉంటుంది. అందుకని ఇప్పుడు పంపే ఉత్తరంలో మొదటి వాక్యం ‘మిగతా సొమ్ముతో మేము సిద్ధంగా ఉన్నాము’ అని ఉండాలి. రెండో వాక్యం ‘నలుగురు వారసులతో రిజిస్ట్రేషన్ చేయండి’ అని ఉండాలి. ప్రశ్నలు ఆ తర్వాత. అమెరికా కాగితానికి టైం పడుతుంది కాబట్టి గడువు పొడిగిస్తూ అగ్రిమెంటు వెనకాలే రాయించి ఇద్దరు పక్షాలూ, సాక్షులూ సంతకాలు పెట్టండి. నోటి మాటగా ‘కానీ తీయమ్మా, ఇంకో నెల’ అన్నది నమ్మొద్దు.

చేతికిచ్చిన 2 లక్షలు అగ్రిమెంటులో చేరాయా? ఇళ్లు, జాగాల బేరంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 నుంచీ నిషేధించింది. జరిమానా తీసుకున్న సారు మీద పడుతుంది. మీకు వచ్చే కష్టం రుజువు లేకపోవడం. మొత్తం 5 లక్షలు ముట్టినట్టు కాగితం మీద లేకపోతే గడువు పొడిగింపు రాసేటప్పుడే అదీ రాయించుకోండి.

నీళ్ల విషయం దాచారన్న ఒక్క కారణం మీద బయానా కోసం సివిల్ కోర్టుకు పోవాలంటే నేను తొందరపడమనను. గెలవొచ్చు, కానీ మీ ఆయన పింఛను పైసలు వాయిదాలకే పోతాయి. హనుమకొండ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసు వేయకముందే దరఖాస్తు ఇచ్చి ఇద్దర్నీ పిలిపించి రాజీ మాట్లాడించొచ్చు. ఆడవాళ్లకు అక్కడ ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సహాయం ఉచితం. అగ్రిమెంటులో మీ పేరు కూడా ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరి అవార్డు అయితే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. రెరాకు పోదామా అని ఎవరన్నా అంటే, అది బిల్డర్ల కొత్త ప్రాజెక్టులకు. ఒక ఇంటాయన తన పాత ఇల్లు అమ్ముకుంటే అక్కడికి రాదు.

ఇల్లు అమ్మేవాళ్లు ఇది చదువుతుంటే, మీ గల్లీలో నీళ్లొస్తాయని బేరం రోజే చెప్పి అగ్రిమెంటులో రాయించండి. చెప్పి అమ్మినాయన మీద ఈ దావా వేయడానికి ఎవరికీ దారి ఉండదు. ఒక లక్షో రెండు లక్షలో తగ్గొచ్చు, అంతే.

పన్ను విషయం మీ ఆడిటర్‌కు ముందే చెప్పండి. ఇల్లు 50 లక్షలు, ఆపైన అయితే కొనేవారే ఒక శాతం టీడీఎస్ కోసి కట్టాలి. అమ్మేవాళ్లు నలుగురైనా మొత్తం ధరే చూస్తారు కాబట్టి ‘ఒక్కొక్కరిదీ 20 లక్షల లోపే కదా’ అన్న లెక్క చెల్లదు. విదేశంలో ఉండే బిడ్డ వాటాకు ఈ ఒక శాతం వర్తించదు, ఎన్ఆర్ఐలకు రేటు వేరు, ఇంకా ఎక్కువ. అది కోయకుండా ఇచ్చేస్తే శాఖ మిమ్మల్నే అడుగుతుంది.

కొనొచ్చా అంటే, బిడ్డ సంతకం వచ్చి, నాలా దూరం, పర్మిషన్ సరిపోతే కొనొచ్చు, 78కి మాత్రం కాదు. గచ్చు ఎత్తు పెంచడానికి, గేటు, కరెంటు లైను మార్చడానికి ఎంతవుతుందో మేస్త్రీతో లెక్క రాయించండి. మీరు పైన ఉండి కింద కిరాయికిస్తారు కదా, చూసి తెలుసుకోలేని లోపం కిరాయిదారుకు చెప్పాల్సిన బాధ్యత అదే చట్టం 108వ సెక్షన్ ప్రకారం మీ మీదా ఉంటుంది. చెప్తే కిరాయి తగ్గుతుంది. ఆ తగ్గేది కొన్నేళ్లకు లెక్కగట్టి మేస్త్రీ లెక్కకు కలిపి, అంత తగ్గించమని అడగండి. సారు ఒప్పుకోకపోతే ఇంకో ఇల్లు చూసుకునే టైం మీకుంది. బిడ్డ సంతకం రాదంటే మాత్రం, తూర్పు ముఖమైనా, సగం ధరకిచ్చినా వద్దని మీ ఆయనకు చెప్పండి.